మేకులు పీకేసిన మంచు నగరం

మంచులో కారు నడవాలంటే ఏం కావాలి? బోలెడంత శక్తున్న ఇంజినా? నాలుగు చక్రాలనూ ఒకేసారి తిప్పే యంత్రాంగమా? జపాన్ ఉత్తర కొసన ఉన్న సపోరోలో ఈ ప్రశ్న వేస్తే టైరు వైపు వేలు చూపిస్తారు. ఒక్కో చక్రం కింద నేలను తాకే అరచేయంత రబ్బరు కోసం ఆ ఊరు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు మరి!

జనవరి నెల, రాత్రి ఎనిమిది గంటలు. సపోరో నగరంలో సుసుకినో కూడలి. నియాన్ బోర్డుల ఎరుపూ నీలం రంగులు రోడ్డు మీద పడి తళతళలాడుతుంటాయి. వాన వెలిసిన తారురోడ్డే కదా అని కాలు పెడితే నడుం విరిగినట్టే. అది తారు కాదు. వేల టైర్లు రుద్దీ రుద్దీ అద్దంలా నునుపు చేసిన మంచుగడ్డ! సిగ్నల్ పచ్చగా మారుతుంది. వరసలో మొదటున్న కారు కదలదు. వెనక చక్రాలు రెండూ ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. డ్రైవరు కాలు తీసేసి మళ్లీ మెల్లగా... కోడిగుడ్డు మీద పాదం పెట్టినంత మెల్లగా నొక్కుతాడు. ఈసారి కారు ఓసారి తోకాడించి ముందుకు కదులుతుంది.

ఆ నున్నటి ఐసుకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు ‘మిర్రర్ బాన్’. సగం ఇంగ్లిషు, సగం జర్మన్. పేరు ముద్దుగానే ఉన్నా దాన్ని దాటడం మాత్రం ప్రాణసంకటం. పొడి రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేకు పడ్డాక దాదాపు 8 మీటర్లలో ఆగుతుంది. గట్టిపడిన మంచు మీద పాతిక మీటర్లు పడుతుంది. అదే అద్దపు ఐసు మీదైతే 60 మీటర్లు దాటిపోవచ్చు. అంటే జీబ్రా గీతల దగ్గర ఆగాల్సిన కారు కూడలి దాటి అవతలి వీధిలో తేలుతుందన్నమాట.

ఇలాంటి ఊళ్లో రెండు సీట్ల స్పోర్ట్స్‌కారు, అదీ వెనక చక్రాలతో నడిచేది కొనుక్కుని ఏడాది పొడవునా నడుపుతానంటే ఎవరైనా ఏమంటారు? పిచ్చి అంటారు. కానీ ఆ పిచ్చి ఉన్నవాళ్లు హొక్కైడో దీవిలో ఉన్నారు. వాళ్ల పిచ్చికి ఓ లెక్క కూడా ఉంది.

తోపుడుబండి తంటా

ఎడ్లబండిని ఎడ్లు ముందుండి లాగుతాయి. మనం రోజూ చూసే చిన్నకార్లలో ఎక్కువ అదే బాపతు. ఇంజినూ ముందే, లాగే చక్రాలూ ముందే. ఇంజిన్ బరువంతా ఆ చక్రాల మీదే కూర్చుంటుంది కాబట్టి మంచులో పట్టు బాగానే దొరుకుతుంది. వెనక చక్రాల కారు అలాక్కాదు... అది తోపుడుబండి. వెనకనుంచి తోస్తుంటే ముందు చక్రాలు దారి చూపించాలి. తడిసిన గచ్చు మీద తోపుడుబండిని గబుక్కున తోస్తే ఏమవుతుంది? తోసేవాడి కాళ్లు జారతాయి, బండి పక్కకు తిరుగుతుంది. కారైనా అంతే.

మరి స్పోర్ట్స్‌కార్లను ఇంకా అలాగే ఎందుకు చేస్తారంటే... అందులోనే మజా ఉందంటారు అభిమానులు. తిప్పే పని ముందు చక్రాలకు, తోసే పని వెనక చక్రాలకు పంచేస్తే మలుపుల్లో కారు చెప్పిన మాట వింటుంది. 1989లో వచ్చిన మజ్దా రోడ్‌స్టర్ దీనికి మంచి ఉదాహరణ. విదేశాల్లో ఎంఎక్స్-5, మియాటా అనే పేర్లతో తిరిగే ఈ బుల్లికారు 2016కల్లా 10 లక్షలు తయారై, రెండు సీట్ల స్పోర్ట్స్‌కార్లలో ప్రపంచ రికార్డు కొట్టేసింది. 2015లో వచ్చిన నాలుగో తరం కారు జపాన్‌లో అతి తేలికైన రకం బరువు 990 కిలోలే. బరువు ముందూ వెనకా ఇంచుమించు చెరిసగం.

వేసవిలో వరం అనిపించే ఈ తేలికదనమే శీతాకాలంలో శాపం. ముందుకు తోయాల్సిన చక్రాలను నేలకు అదిమిపెట్టే బరువు చాలదు. వెనకటి రోజుల్లో డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకుని తిరిగేవాళ్లు. దాంతో కాస్త ఉపకారం ఉన్న మాట నిజమే కానీ, బస్తా బరువు మలుపులో వెనకభాగాన్ని మరింత విసిరేస్తుంది కూడా. బస్తా మందు కాదు, ఉపశమనమే!

అన్నట్టు, వెనక చక్రాల కారు మంచులో అసలు నడవదనేది వట్టి మాట. టయోటా కంఫర్ట్ లాంటి వెనక చక్రాల ట్యాక్సీలే దశాబ్దాల పాటు సపోరో జనాన్ని ఇళ్లకు చేర్చాయి. వాటికి మంత్రాలేం వేయలేదు. సరైన టైర్లు వేశారంతే.

మూడు నిలువుల మంచు

సైబీరియా నుంచి వీచే చలిగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ దారిలో తేమను మూటగట్టుకుంటుంది. హొక్కైడో కొండలు తగలగానే ఆ మూట విప్పేస్తుంది. ఫలితం... సపోరోలో ఒక్కో చలికాలం కురిసే మంచు మొత్తం సగటున 4.8 మీటర్లు! మనిషి మూడు నిలువులకు కాస్త తక్కువ. అంత మంచు పడే ప్రాంతంలో ఏ గూడేలో, పల్లెలో ఉంటాయనుకుంటే పొరపాటే. ఇక్కడున్నది 19 లక్షలకు పైగా జనం నివసించే మహానగరం. 1972లో శీతాకాల ఒలింపిక్స్ జరిగిందీ ఇక్కడే. ఏటా ఫిబ్రవరిలో ఒడోరి పార్కులో జరిగే మంచు శిల్పాల పండగకు 1950లో శ్రీకారం చుట్టింది స్థానిక హైస్కూలు విద్యార్థులు.

మంచును పండగ చేసుకున్న ఊరే అయినా, దాన్ని ఎత్తిపోయడానికి నగరపాలక సంస్థ ఏటా పెట్టే ఖర్చు రెండు వేల కోట్ల యెన్లు దాటుతుంది. సిగ్నల్ దీపాలను అడ్డంగా కాక నిలువుగా బిగిస్తారు, పైన మంచు పేరుకోకుండా. పార్కు చేసిన కార్ల వైపర్లు రెండు చేతులెత్తి లొంగిపోయినట్టు పైకి లేచి ఉంటాయి, అద్దానికి అతుక్కుపోకుండా. రాత్రిపూట హ్యాండ్‌బ్రేక్ లాగరు, తెల్లారేసరికి గడ్డకట్టి వదలదు కాబట్టి. గేరులో పెట్టి దిగిపోతారు. ఇంకో చిత్రం... ఒలింపిక్స్‌కు కొద్దిగా ముందు, 1971 డిసెంబరులో మొదలైన ఇక్కడి మెట్రోరైలు ఇనుప చక్రాల మీద కాదు, రబ్బరు టైర్ల మీద నడుస్తుంది. నేలమీదికొచ్చే చోట పట్టాల దారికి మంచు తగలకుండా గొట్టంలాంటి పైకప్పు కట్టారు. టైరు విషయంలో ఈ ఊరి పట్టింపు అలాంటిది!

మేకులొచ్చి ఊపిరి తీశాయి

ఎడ్లను అదిలించే ములుగర్ర కొసన ములుకు ఉంటుంది చూడండి. అలాంటి లోహపు ములుకుల్ని టైరు నిండా దిగ్గొడితే? ఐసు మీద గోళ్లు గుచ్చినట్టు పట్టు దొరుకుతుంది. మేకుల టైర్లు 1960లలో జపాన్‌కు వచ్చాయి. 1970లకల్లా ఉత్తరాది ఊళ్లన్నిటా పాకిపోయాయి. నవంబరులో బిగిస్తే ఏప్రిల్ దాకా తీసే పనిలేదు. వెనక చక్రాల కారైనా, ముందు చక్రాల కారైనా ఐసు మీద ధీమాగా పోవచ్చు.

చిక్కేమిటంటే, మేకుకు ఐసేదో తారేదో తెలియదు. మంచు కరిగిన చోట నేరుగా రోడ్డునే చెక్కేసేది. తెల్లగీతలు మాయమయ్యేవి. చక్రాలు నడిచే చోట గాడులు పడేవి. చెక్కిన తారంతా పొడై గాల్లోకి లేచేది. వసంతం వచ్చిందంటే పూలకన్నా ముందు దుమ్ము పలకరించేది. ఆరేసిన బట్టలు నల్లబడేవి, ముక్కులోంచి మసి వచ్చేది. ప్రధాన దీవిలోని సెందాయ్ నగరానికైతే ఏకంగా ‘సెందాయ్ ఎడారి’ అనే పేరే పడిపోయింది. మంచులో క్షేమంగా తిరగడానికి వేసుకున్న టైరే ఊరందరి ఊపిరితిత్తుల్లోకి రోడ్డును పంపిస్తోంది!

జనం ఊరుకోలేదు. సెందాయ్ ఉన్న మియాగి రాష్ట్రం 1985లో దేశంలోనే మొదటిసారిగా ఈ టైర్ల మీద స్థానిక శాసనం తెచ్చింది. నాగానో ప్రాంతపు లాయర్లు టైర్ల కంపెనీలను కాలుష్య వివాదాలు తీర్చే జాతీయ కమిషన్ ముందుకు ఈడ్చారు. 1988 జూన్‌లో రాజీ కుదిరింది... 1990 డిసెంబరు చివరికల్లా తయారీ బంద్, 1991 మార్చి చివరికల్లా అమ్మకం బంద్. 1990 జూన్‌లో పార్లమెంటు చట్టం చేసింది. నిర్దేశించిన ప్రాంతాల్లో మంచు లేని తారురోడ్డు మీద మేకుల టైర్లతో తిరిగితే లక్ష యెన్ల దాకా జరిమానా. 1992 ఏప్రిల్ నుంచి ఆ శిక్ష అమలైంది. అగ్నిమాపక శకటాల్లాంటి అత్యవసర వాహనాలకు, వికలాంగులు నడిపే వాహనాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

ఇదేమీ చిన్న నిర్ణయం కాదు. ఫిన్లాండ్, స్వీడన్, నార్వేల్లో నేటికీ మేకుల టైర్లు వాడుతున్నారు. మహా అయితే ఓస్లో లాంటి నగరాల్లో వాటికి ప్రత్యేక రుసుము కట్టించుకుంటారు. జపాన్ మాత్రం మేకుల్ని పీకి అవతల పారేసింది.

దుమ్ము పోయింది. కానీ మరో తలనొప్పి మొదలైంది. ఐసును గరుకుగా గీకిపెట్టే మేకులు లేకపోవడంతో కూడళ్ల దగ్గర ఆగి బయల్దేరే రబ్బరు టైర్లు దాన్ని సానపట్టడం మొదలుపెట్టాయి. మిర్రర్ బాన్ పుట్టింది అలాగే. కార్లు జారడం సరే... నడిచేవాళ్లు జారిపడి అంబులెన్సులెక్కడం పెరిగింది. స్వచ్ఛమైన గాలికి సపోరో చెల్లించిన వెల అది. నడుములు విరిగిన ముసలివాళ్లు ఆ వెలలో ఎక్కువ వాటా కట్టారనుకోవాలి.

నురగ రబ్బరు, అక్రోటు చిప్పలు

మేకు లేకుండా ఐసును పట్టుకోవడం ఎలా? 1980ల్లో టైర్ల ఇంజినీర్లకు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఇదే. అసలు ఐసు ఎందుకు జారుతుంది? దాని పైన కంటికి కనబడనంత పల్చటి నీటిపొర ఉంటుంది. టైరు ఆ పొర మీద తేలిపోతుంది. అందుకే సున్నా డిగ్రీల దగ్గర ఐసు మహా ప్రమాదం. మైనస్ 20లో నీరు తక్కువ కాబట్టి పట్టు కాస్త నయం. చలి పెరిగితే రోడ్డు మెరుగవడమేంటని కొత్తవాళ్లు నోరెళ్లబెడతారు కానీ, హొక్కైడో డ్రైవర్లు భయపడేది ఎముకలు కొరికే చలికి కాదు... మధ్యాహ్నం కరిగి సాయంత్రం మళ్లీ గడ్డకట్టే రోడ్డుకి.

కాబట్టి చేయాల్సినవి రెండు పనులు. చలిలోనూ రబ్బరు మెత్తగా ఉండాలి, నీటిపొరను తుడిచేయాలి. బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీ 1988లో తెచ్చిన బ్లిజాక్ టైరులో రబ్బరునే నురగలా చేశారు. దాన్నిండా సన్నటి రంధ్రాలు. స్పాంజిలా నీటిని పీల్చుకుని, చక్రం తిరగ్గానే విదిలించేస్తుంది. టోయో కంపెనీ రబ్బరులో అక్రోటు చిప్పల పొడి కలిపింది. అది ఐసును గీకుతుంది కానీ తారుకన్నా మెత్తన కాబట్టి రోడ్డును చెక్కదు. వీటికి తోడు టైరు పైభాగం మీద బ్లేడుతో కోసినట్టు వందలకొద్దీ సన్నటి గీతలు... వాటి అంచులే ఐసును పట్టే గోళ్లు. ఈ జాతి టైర్లన్నిటికీ జపాన్‌లో ఒకటే పేరు, ‘స్టడ్‌లెస్’. అంటే మేకుల్లేనిదని.

వాటిని పరీక్షించే చోట్లూ ఈ దీవిలోనే ఉన్నాయి. అసహికావాలో యోకొహామా టైర్ల వాళ్లకు, షిబెట్సులో బ్రిడ్జ్‌స్టోన్, టయోటాలకు, కెన్‌బుచిలో మజ్దాకు చలికాలపు పరీక్షా మైదానాలున్నాయి. అసహికావాలో 1902 జనవరి 25న నమోదైన ఉష్ణోగ్రత ఎంతనుకున్నారు? మైనస్ 41 డిగ్రీలు!

రెండా... నాలుగా?

ఉద్యోగం పేరుతో సపోరోకు మారిన ఓ కుర్రాడు సెకండ్‌హ్యాండ్‌లో రోడ్‌స్టర్ కొనుక్కున్నాడనుకుందాం. నవంబరు వచ్చింది. తొలి మంచు పడబోతోందన్న వార్త వినబడగానే టైర్ల దుకాణాల ముందు బారులు మొదలవుతాయి. మనవాడి జేబులో ఉన్నది అంతంతమాత్రం. తోసే చక్రాలు వెనకవే కదా, ఆ రెండింటికీ స్టడ్‌లెస్ వేయించి ముందు పాతవే ఉంచేస్తే పోలా?

పోతుంది... ప్రాణం! బండి చక్కగానే బయల్దేరుతుంది. అదే మోసం. బ్రేకు నొక్కినప్పుడు కారు బరువంతా ముందుకు ఒరుగుతుంది. ఆపే పనిలో సింహభాగం ముందు చక్రాలదే. వాటికున్న వేసవి టైర్లు చలికి చెక్కలా బిగుసుకుని ఉంటాయి. ఆగవు, తిరగవు. స్టీరింగు ఎటు తిప్పినా కారు నేరుగా పోతుంది. పోనీ తిరగేసి మంచి టైర్లు ముందు, పాతవి వెనక వేస్తే? ముందుభాగం మలుపు తీసుకుంటుంది, వెనకభాగం దాన్ని దాటుకుని ముందుకొస్తుంది. కారు బొంగరమవుతుంది. కాబట్టి బేరం లేదు. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి, ఒకే వయసువి ఉండాల్సిందే.

ఇక్కడ స్పోర్ట్స్‌కారు యజమానులకు ఇంకో బలహీనత. లావాటి టైరు, పెద్ద రిమ్ము ఉంటేనే అందమని వాళ్ల నమ్మకం. మంచు మీద ఆ అందం పనికిరాదు. వెడల్పాటి టైరు తాజా మంచు మీద పడవలా తేలుతుంది. సన్నటిదైతే కత్తిలా కోసుకుంటూ కింది గట్టిపొరను అందుకుంటుంది. 2012లో వచ్చిన టయోటా 86 సంగతే చూడండి. ఖరీదైన రకాలకు 17 అంగుళాల రిమ్ము మీద 215 మిల్లీమీటర్ల వెడల్పు టైరు. జపాన్‌లో అమ్మిన చవక రకానికి 16 అంగుళాలు, 205 మిల్లీమీటర్లు. చలికాలానికి తెలివైనవాళ్లు ఎంచుకునేది ఆ రెండోదే. టైరు ధరా తగ్గుతుంది, పక్కగోడ ఎత్తుగా ఉండి గట్టిపడిన మంచు గాడుల దెబ్బల్నీ ఓర్చుకుంటుంది. రిమ్ము చిన్నదైనంత మాత్రాన బ్రేకుకు తగలకుండా ఉంటుందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. నున్నటి ఐసు దగ్గరికొచ్చేసరికి ఈ వెడల్పు గొడవకన్నా రబ్బరు గుణమే పెద్దది.

దుకాణంలో మోసపోకుండా ఉండాలంటే టైరు పక్కగోడ చదవడం రావాలి. ‘ఎం ప్లస్ ఎస్’ అని ఉంటే బురదకూ మంచుకూ అని తయారీదారు చెప్పుకున్నట్టు, అంతే. మూడు శిఖరాల కొండ బొమ్మలో మంచురేకు ఉంటే మంచు మీద పరీక్ష నెగ్గినట్టు. కానీ ఆ పరీక్ష మంచుకు సంబంధించింది, ఐసుకు కాదు! జర్మనీ హైవేల మీద దూసుకెళ్లే కార్ల కోసం చేసిన శీతాకాలపు టైర్ల మీదా ఈ బొమ్మే ఉంటుంది. స్పోర్ట్స్‌కారు కుర్రాళ్ల కళ్లు వాటి మీదే పడతాయి, ఎందుకంటే వాటి వేగ పరిమితి ఎక్కువ. స్టడ్‌లెస్ మీద చాలాసార్లు ‘క్యూ’ అనే అక్షరం కనిపిస్తుంది. గంటకు 160 కిలోమీటర్లు దాటొద్దని దానర్థం. ఇంత మంచి కారుకు ఇంత నీరసపు టైరా అని మొహం మాడ్చుకుంటారు. మిర్రర్ బాన్ మీద 20 కిలోమీటర్ల వేగమే ఎక్కువైనప్పుడు 160తో పనేంటో!

ఇక వయసు. పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి. ‘3824’ అని ఉంటే 2024లో 38వ వారం తయారైందని. మెత్తదనమే ప్రాణమైన టైరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. పైకి కొత్తదానిలా మిసమిసలాడినా లోపల ముసలిదే. అరుగుదలకూ ఓ గుర్తుంది. గాళ్ల మధ్య చిన్న గట్లు కనబడతాయి. టైరు సగం అరిగి వాటితో సమానమైందంటే శీతాకాలపు టైరుగా దాని కథ ముగిసినట్టే. చూడటానికి ఇంకా బోలెడు రబ్బరుంటుంది. అందుకే సెకండ్‌హ్యాండ్ బేరాల్లో దెబ్బతినేవాళ్లు ఎక్కువ.

కొన్నాక కూడా ఆగాలి. తొలి ఒకటి రెండు వందల కిలోమీటర్లు నిదానంగా నడిపితేగానీ పైపొర అరిగి అసలు రబ్బరు బయటపడదు. చలి 10 డిగ్రీలు పెరిగితే టైరులో గాలి ఒకటిన్నర, రెండు పీఎస్‌ఐ తగ్గిపోతుంది. చూసుకుంటూ ఉండాలి. గాలి తీసేస్తే పట్టు పెరుగుతుందన్న పాత సలహాను మాత్రం చెవిన వేసుకోనక్కర్లేదు.

కనుమ దాటితే తెలుస్తుంది

టైరు మంచిదో కాదో ఊళ్లో తేలదు. 230వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని నైరుతిగా బయల్దేరితే, వేడినీటి బుగ్గలకు పేరుపడ్డ జోజాన్‌కెయ్ దాటాక కొండదారి మొదలవుతుంది. ఎక్కితే నకయామ కనుమ. ఎత్తు 835 మీటర్లు. సపోరోలో ఇంకా ఆకులు రాలుతుండగానే ఇక్కడ మంచు మొదలైపోతుంది. దారి పొడవునా స్తంభాల మీదినుంచి కిందికి చూసే ఎర్రబాణాలు. ఏమిటవి అంటే... రోడ్డు అంచు ఇక్కడుందని చెప్పే గుర్తులు. మంచు కప్పేశాక రోడ్డేదో లోయేదో చెప్పేది ఆ బాణాలే.

ఎక్కేటప్పుడు వెనక చక్రాల కారు ఆశ్చర్యపరుస్తుంది. బరువు వెనక్కి ఒరిగి తోసే చక్రాలను అదుముతుంది కాబట్టి, మంచి టైర్లుంటే నిలకడగా ఎక్కేస్తుంది. మలుపులో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే తోక జారుతుంది. గాభరాపడి ఒక్కసారిగా వదిలేసినా జారుతుంది. కాలు నెమ్మదిగా కదిలించడం ఒక్కటే మార్గం. ఎలక్ట్రానిక్ అదుపు వ్యవస్థలు చక్రాలను క్షణంలో పట్టేసి కారును దారిలోకి తెస్తాయి నిజమే... కానీ అవి వాడుకునేదీ ఆ అరచేయంత రబ్బరు పట్టునే. లేని పట్టును పుట్టించలేవు.

కనుమ మీద ఆగితే దూరంగా ఫూజీ పర్వతానికి తమ్ముడిలా 1,898 మీటర్ల యోతెయ్ శిఖరం. ఆకాశం తేటగా ఉన్న రోజే కనబడుతుంది. కనబడకపోయినా బాధలేదు, ఇక్కడ దొరికే ‘అగెయిమో’ కోసమే ఆగేవాళ్లు బోలెడుమంది. గుండ్రటి బంగాళాదుంపల్ని కాస్త తియ్యగా ఉండే పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. పుల్లకు మూడు. మన బోండాకు దూరపు చుట్టం. చేతులు కొంకర్లు పోయే చలిలో వేడివేడిగా ఒకటి నోట్లో పడితే... ఆహా!

అసలు పరీక్ష దిగేటప్పుడు. బరువంతా ముందుకు జారి వెనక చక్రాలు తేలికైపోతాయి. వేగం తగ్గించడానికి గబుక్కున కింది గేరులోకి మారిస్తే, ఇంజిన్ పట్టు వెనక చక్రాలకే తగిలి అవి హ్యాండ్‌బ్రేక్ లాగినట్టు జారిపోతాయి. ముందు చక్రాల కారు నుంచి మారినవాళ్లకు ఇది తెలియదు. మలుపుకు చాలా ముందే, చక్రాలు నేరుగా ఉన్నప్పుడే వేగం దింపుకోవాలి. వంతెనల మీదా, సొరంగం బయటికొచ్చే చోటా మరీ జాగ్రత్త. చుట్టుపక్కల రోడ్డు పొడిగా ఉన్నా అక్కడ నల్లటి తారు మీద నల్లగానే కనిపించే పల్చటి ఐసు పొంచి ఉంటుంది.

తాబేలైతే అంతే

ఎంత మంచి టైరుకైనా చేతకానివి కొన్నున్నాయి. రోడ్‌స్టర్ పొట్టకూ నేలకూ మధ్య జానెడు ఎడం కూడా ఉండదు. తెల్లారేసరికి జానెడున్నర మంచు కురిసిందంటే, కారు పొట్ట మంచు మీద ఆనుకుని చక్రాలు గాల్లో తిరుగుతాయి. దీన్ని జపాన్‌వాళ్లు ‘తాబేలైంది’ అంటారు. అప్పుడు పనికొచ్చేది డిక్కీలోని పారే. అందుకే చాలామంది యజమానులు డిసెంబరు నుంచి మార్చి దాకా స్పోర్ట్స్‌కారును షెడ్డులో నిద్రపుచ్చి, చవకరకం నాలుగు చక్రాల చిన్నకారుతో గడిపేస్తారు. ఉన్నవాళ్ల మాట అది. ఒకే కారున్న మనవాడు మంచు ఎక్కువ కురిసిన పొద్దున రబ్బరు టైర్ల మెట్రో ఎక్కడం మేలు.

నాలుగు చక్రాల కారున్నా గుండెమీద చెయ్యేసుకునే పనిలేదు. బయల్దేరడంలోనే దాని గొప్ప. ఆగడానికి వచ్చేసరికి ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ బ్రేకులుంటాయి, ఏ కారైనా టైరు పట్టు మీదే ఆగాలి. సులువుగా బయల్దేరింది కదా అని వేగం పెంచేసి గట్టు కిందికి దిగబడే పెద్ద జీపులకు హొక్కైడోలో కొదవలేదు.

మంచు తుపాను మరో సంగతి. ఎదురుగా చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు. 2013 మార్చి మొదట్లో వచ్చిన అలాంటి తుపాను హొక్కైడోలో తొమ్మిది మందిని పొట్టనపెట్టుకుంది. మంచులో కూరుకుపోయిన కారులో వెచ్చదనం కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచితే, పొగగొట్టం మూసుకుపోయి విషవాయువు లోపలికొస్తుంది. ఆ ఘటనలో ఒక తల్లీ, ఆమె ముగ్గురు పిల్లలూ అలాగే పోయారు. టైరు ఎంత కొత్తదైనా ఆ రోజు చేసేదేం లేదు. హెచ్చరిక విని ఇంట్లో ఉండిపోవడం తప్ప.

ఏప్రిల్ రాగానే టైర్లు మార్చే హడావుడి మళ్లీ మొదలు. మెత్తటి స్టడ్‌లెస్‌ను వేడి రోడ్డు మీద తిప్పితే గబగబా అరిగిపోతుంది, తడిరోడ్డు మీద బ్రేకూ సరిగ్గా పడదు. కనుమలు దాటే పని ఉన్నవాళ్లు మాత్రం మే నెల మొదటి సెలవుల దాకా ఆగుతారు. విప్పిన నాలుగింటికీ ఏది ఏ చక్రానిదో సుద్దముక్కతో రాసి, ఎండ తగలని చోట పేర్చుకుంటారు. చోటు లేకపోతే దుకాణంవాళ్లే అద్దె తీసుకుని దాచిపెడతారు. ఒకప్పుడు ఇదే నెలలో ఊరంతా దుమ్ము మేఘం కమ్ముకునేది. ఇప్పుడు కిటికీలు తెరుచుకుంటాయి.

జనవరి రాత్రి సుసుకినోలో మాత్రం ఐసు అద్దంలాగే మెరుస్తుంటుంది. జీబ్రా గీతల పక్కన చిన్న పెట్టె ఒకటి. అందులో సన్నటి రాళ్లపొడి నింపిన సంచులు. తాళం లేదు, కాపలా లేదు. దాటబోయేవాళ్లు ఓ సంచి తీసుకుని, చించి, తమ ముందు చల్లుకుంటారు. మిగిలింది వెనకొచ్చేవాళ్ల కోసం మరికొంచెం చల్లి, ఖాళీ సంచిని పెట్టె పక్కనే పడేసి నడుస్తారు. సిగ్నల్ మారుతుంది. వరసలో మొదటున్న కారు వెనక చక్రాలు ఆ రాళ్లపొడి మీదికొచ్చి, ఒక్క క్షణం కరకరమని, కదులుతాయి.